మధ్యలో రిలే పెడితే బ్రాడ్‌బ్యాండ్ మా కాలనీ దాకా వస్తుందా? (కిస్మత్‌పూర్ వైపు)

స్వాతి_లెక్కల_టీచర్
కిస్మత్‌పూర్ దాటి లోపలికి రెండు మలుపులు తిరిగితే మా కాలనీ. నలభై ఇళ్ళు. ఫైబరు తీగ మాకు కిలోమీటరు అవతలే ఆగిపోయింది. ఎప్పుడు అడిగినా "వచ్చే నెల" అనే జవాబే. అలా పద్నాలుగు నెలలు గడిచాయి. ఫోను హాట్‌స్పాట్‌తో నెట్టుకొస్తున్నాను.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాయంత్రాలు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. నిన్న పదో తరగతి పాప ఒకతె సరూప త్రిభుజాల్లో సందేహం అడుగుతుంటే మూడుసార్లు గొంతు తెగిపోయింది. నాలుగోసారి "పర్వాలేదు టీచర్, రేపు అడుగుతాను" అంది. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అక్కాబావల ఇల్లు బండ్లగూడ వైపు ఉంది. మ్యాపులో నేరుగా గీత గీస్తే 2.4 కిలోమీటర్లు. వాళ్ళకు 200 మెగాబిట్ల ఫైబరు కనెక్షన్ ఉంది. "మా డాబా మీద డిష్ బిగించుకో, నీ ఇంటికి పంపుకో" అని బావగారు అంటున్నారు. కానీ మధ్యలో బండరాళ్ళ గుట్ట అడ్డం. గుట్టకు పక్కగా ఎక్కడైనా రిలే, అంటే సిగ్నల్ అందుకుని ముందుకు పంపే పెట్టె, పెట్టి మలుపు తిప్పవచ్చని ఎక్కడో చదివాను. కోఠిలో దుకాణదారును అడిగితే "రిపీటరు పెడితే వేగం సగం, రెండు పెడితే పావు, డబ్బు దండగ" అన్నాడు. నిజమేనా? ఇలాంటిది చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

తీగే_నమ్మకం
నిజమే. గాలిలో పంపేది ఎప్పటికీ గాలిదే. ఆ నలభై ఇళ్ళ సంతకాలు తీసుకుని ఫైబరు కోసమే గట్టిగా పట్టుబట్టండి. ఒకసారి తీగ పడితే పదేళ్ళు నిశ్చింత.

మౌలాలి_మాధవ్
పద్నాలుగు నెలలు పట్టుబట్టారు కదా పాపం. ఆ పిల్లలకు పరీక్షలు మార్చిలోనే వస్తాయి, తీగ వచ్చాక కాదు.

స్వాతి గారూ, మీ డాబా మీద నిలబడితే అక్కగారి డాబా కనిపిస్తుందా, అసలే కనిపించదా? మిగతావన్నీ దీని తరువాతే.

స్వాతి_లెక్కల_టీచర్
అసలే కనిపించదు. గుట్ట మా డాబా కంటే బాగా ఎత్తు.

మౌలాలి_మాధవ్
అయితే నేరుగా పంపే ఆశ వదిలేయండి. మన హైదరాబాదు బండ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. దాన్ని తొలుచుకుని ఏ సిగ్నలూ రాదు. గుట్ట ఈ పక్కా ఆ పక్కా రెండూ కనిపించే మూడో డాబా ఒకటి వెతకాలి.

రేడియో_మావయ్య
దుకాణదారు చెప్పింది సగం నిజం. ఆ సగం మాటకే చాలామంది రిలే అంటే భయపడతారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఒకే రేడియో ఉన్న రిపీటరు ఒకే చానల్ మీద అటు వింటుంది, ఇటు చెబుతుంది. రెండూ ఒకేసారి చేయలేదు. చెవి పక్కనే డప్పు మోగుతుంటే దూరం నుంచి పిలిచిన పిలుపు వినపడదు కదా, అలాగే తన ప్రసారమే తన చెవిని కప్పేస్తుంది. అందుకని వంతులు వేసుకుంటుంది. సగం సమయం వినడానికి, సగం చెప్పడానికి. సగం అనే మాట పుట్టింది ఇక్కడే.

అయితే ఏ అంకెలో సగం? అసలు అడగాల్సింది ఇది. దూరం వల్ల, అడ్డు వల్ల నేరుగా వచ్చే లింకు 6 మెగాబిట్ల దగ్గర ఈడుస్తోందనుకోండి. మధ్యలో రిలే పెట్టాక ఒక్కో అంగలో, అంటే ఒక్కో ముక్క దారిలో, 54 వచ్చిందనుకోండి. వంతుల వల్ల 54లో సగం 27 మిగులుతుంది. 27 ఎక్కువా, 6 ఎక్కువా? నేరుగా 54 బాగానే వస్తున్న చోట రిలే పెడితే మాత్రం నష్టమే.

దూరం సగం చేస్తే ఇంత లాభం ఎందుకంటే, ఏ అడ్డూ లేని చోట దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడుతుంది. ఇళ్ళూ చెట్లూ ఉన్న ఊళ్ళో ఇంకా దారుణం, పదహారో వంతు దాకా పడిపోవచ్చు. అంటే దారిని రెండు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో పదహారు రెట్ల దాకా సిగ్నల్ తిరిగి చేతికొస్తుంది. ఇంత చేతికొస్తుంటే సగం సమయం పోయిందని బాధపడనక్కరలేదు.

అత్తాపూర్_అరుణ్
లెక్క వినడానికి బాగుంది కానీ నా అనుభవం వేరు. మా ఇల్లు మూడంతస్తులు, రూటరు కింద. మూడో అంతస్తులో నెట్ రావడం లేదని అక్కడి పడకగదిలో రిపీటరు పెట్టాను. ఫోనులో నాలుగు గీతలు నిండుగా కనిపిస్తాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. రెండు వేలు పోయాయి.

చందానగర్_కవిత
అరుణ్ గారూ, సిగ్నల్ రాని గదిలోనే రిపీటరు పెట్టారా?

అత్తాపూర్_అరుణ్
అవును, రానిది అక్కడే కదా.

చందానగర్_కవిత
అదే తప్పు జరిగింది. మా ఇంట్లోనూ ఇదే కథ. ఎండిన బోరుకు ఎంత పెద్ద మోటారు బిగించినా నీళ్ళు రావు. మీ ఫోనులో కనిపించే నాలుగు గీతలు ఫోనుకూ రిపీటరుకూ మధ్యవి. రిపీటరుకూ కింది రూటరుకూ మధ్య ఎన్ని గీతలున్నాయో ఫోనుకు తెలియదు. దాన్ని రెండో అంతస్తు మెట్ల మలుపులోకి దించి చూడండి.

రేడియో_మావయ్య
కవితమ్మ చెప్పిందే ఈ విద్యకు మూలం. సిగ్నల్ చచ్చిన చోట కాదు, ఇంకా బాగా బతికి ఉన్న చోట రిలే పెట్టాలి. టవర్ల రిలే అయినా, ఇంటి రిపీటరు అయినా ఇదే సూత్రం.

టవరెక్కే_రాజు
నేను రోజూ చేసే పని ఇది. స్వాతి మేడం, మీకు ఆ సగం నష్టం కూడా అక్కరలేదు. మధ్య డాబా మీద ఒక రేడియో బదులు రెండు పెట్టండి. ఒకటి అక్కగారి వైపు, ఇంకొకటి మీ వైపు, వీపుకు వీపు. రెండింటినీ అర మీటరు నెట్‌వర్క్ తీగతో కలపండి. ఒక్కోదానికి వేరే చానల్ ఇవ్వండి. అది వింటుంటే ఇది చెబుతూ ఉంటుంది, ఇక వంతులు ఉండవు. ఒకే స్తంభానికి పక్కపక్కన బిగించవద్దు, కనీసం మీటరున్నర ఎడంగా ఒకటి పైన, ఒకటి కింద పెట్టండి. చానళ్ళు వేరైనా మరీ దగ్గరుంటే ఒకదాని హోరు ఇంకొకదానిలో పడుతుంది.

5 గిగాహెర్ట్జ్ పరికరాలే తీసుకోండి. 2018లో వచ్చిన నోటిఫికేషన్‌తో ఆ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. నిర్ణయించిన శక్తి పరిమితి దాటకుండా ఉంటే చాలు. 2.4 గిగాహెర్ట్జ్ మన ఊళ్ళో కిక్కిరిసిపోయింది, సంతలో రహస్యం చెప్పినట్టుంటుంది.

మణికొండ_సెల్లారు
ఇదే చర్చలో నా ప్రశ్న కూడా. మా అపార్టుమెంటు రెండో సెల్లారులో ఫోను బొత్తిగా పనిచేయదు. ఆన్‌లైన్‌లో మొబైల్ బూస్టరు నాలుగు వేలకు దొరుకుతోంది. అదీ రిలేనే కదా, కొనేయవచ్చా?

న్యాయం_నాగమణి
వద్దు, కొనకండి. లైసెన్సు ఉన్న టెలికాం సంస్థలు తప్ప ఇంకెవరూ మొబైల్ సిగ్నల్ బూస్టరు దగ్గర పెట్టుకోవడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధమని కేంద్ర టెలికాం విభాగం 2022లో స్పష్టంగా చెప్పింది. రాజు గారు చెప్పిన 5 గిగాహెర్ట్జ్ అందరికీ వదిలిన రోడ్డు లాంటిది. మొబైల్ బ్యాండు వేలంలో ఒకరు కొనుక్కున్న స్థలం.

టవరెక్కే_రాజు
చట్టం పక్కన పెట్టినా అది పెద్ద బెడద. చవక బూస్టరు ఫోను నుంచి వెళ్ళే సిగ్నల్‌తోపాటు తన లోపలి హోరును కూడా పెంచి టవరు మీదకు పోస్తుంది. టవరు చెవిలో ఆ హోరు నిండితే దూరాన ఉన్న వాళ్ళ ఫోన్లు వినిపించవు. ఇంటి మీది యాంటెన్నా, లోపలి యాంటెన్నా దగ్గరగా ఉంటే సభలో మైకు కీచుమన్నట్టు అది తనలో తానే కూస్తుంది. ఒకసారి ఒక వీధి మొత్తం కాల్స్ తెగిపోతున్నాయని ఫిర్యాదు వస్తే మూడు రోజులు తిరిగాం. చివరికి తేలింది ఒక షాపు వెనక గోడకున్న చిన్న పెట్టె. వాళ్ళకు ఆ సంగతే తెలియదు, పాపం.

సెల్లారు విషయం మీ అసోసియేషన్ తరఫున టెలికాం సంస్థకు రాయండి. లోపల చిన్న యాంటెన్నాల వరుస వాళ్ళే పెడతారు. లేదంటే సెల్లారులోకి ఒక వైఫై తీగ దించి, ఫోనులో వైఫై కాలింగ్ పెట్టుకోండి.

మణికొండ_సెల్లారు
వైఫై కాలింగ్ తట్టలేదు. వాచ్‌మన్‌కు పైకి ఎక్కి దిగే బాధ తప్పుతుంది. బూస్టరు కొనడం లేదు.

పాతబస్తీ_ఫరీద్
మన గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, పైన బాలాహిసార్‌లో వినిపిస్తుంది. ఆ రోజుల్లోనే మనవాళ్ళు రిలే కట్టేశారు!

రేడియో_మావయ్య
ఫరీద్ భాయ్, ఆ కోట చూసినప్పుడల్లా నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అది రిలే కాదు. మధ్యలో ఎవరూ కొత్తగా శక్తి ఇవ్వడం లేదు, కట్టడమే శబ్దాన్ని చెదరకుండా పైకి పంపుతోంది. డిష్ యాంటెన్నా చేసే పని అది.

రిలేలో రెండు రకాలు ఉంటాయి. వచ్చినదాన్ని వచ్చినట్టే పెంచి పంపేది ఒకటి. ఇందులో సిగ్నల్‌తోపాటు హోరు కూడా పెరుగుతుంది. రాజు చెప్పిన షాపు పెట్టె ఈ రకమే. రెండోది మధ్యలో కూర్చున్న రాతగాడి లాంటిది. చినిగి, మాసిపోయిన ఉత్తరం అందితే చదివి, అర్థం చేసుకుని, కొత్త కాగితం మీద శుభ్రంగా తిరిగి రాసి ముందుకు పంపుతాడు. హోరు అక్కడే ఆగిపోతుంది. చదివి రాయడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. స్వాతి పెట్టబోయేది ఈ రెండో రకం.

ఎల్బీనగర్_భాను
నేను నెట్‌వర్క్ ప్లానింగ్‌లో ఉన్నాను. పెద్ద నెట్‌వర్కుల్లోనూ ఈ ఆలోచన పాతదే. వైమాక్స్ అనే వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి కోసం బహుళ అంగల రిలే ప్రమాణం 802.16జె పేరుతో 2009లో వచ్చింది. ఆ తరువాత 4జీలో, మొబైల్ ప్రమాణాల పదో విడత అయిన రిలీజ్ 10లో రిలే నోడ్ చేర్చారు. ఫైబరు ఉన్న టవరు దాత, దాని నుంచి గాలిలో తీసుకుని ముందుకు పంచేది రిలే. 2020లో పూర్తయిన రిలీజ్ 16 దగ్గరికి వచ్చేసరికి 5జీలో ఐఏబీ అన్నారు. ఫోన్లకు వాడే తరంగాలనే టవరు నుంచి టవరుకు కూడా వాడుకోవచ్చు.

కారణం ఎప్పుడూ ఒకటే. టవరు లేపడం కంటే దాని కాళ్ళ దగ్గరికి ఫైబరు తేవడమే కష్టం. రోడ్డు తవ్వాలి, అనుమతులు కావాలి. రిలేకు కరెంటు, కాస్త ఎత్తు ఉంటే చాలు.

తీగే_నమ్మకం
అన్ని ప్రమాణాలు వచ్చినా ఊరంతా రిలేలు ఎందుకు కనిపించడం లేదు భాను గారూ?

ఎల్బీనగర్_భాను
మంచి ప్రశ్న. 4జీ రిలే కాగితం మీద ఉన్నంతగా వీధిలోకి రాలేదు. ఫోన్ల కోసం వేలంలో కొన్న తరంగాల్లో కొంత భాగం రిలేకు ధారపోయాలి. రద్దీ ఉన్న ఊళ్ళో అది ఏ సంస్థకూ మింగుడు పడదు. అందుకే విడిగా మైక్రోవేవ్ డిష్ పెట్టుకున్నారు. అంటే రాజు గారు చెప్పిన వీపుకు వీపు పద్ధతే.

మరో మాట. మీరు తీగను నమ్ముతారు, నేనూ నమ్ముతాను. కానీ 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలిన ప్రమాదం తరువాత స్తంభాల మీది కేబుళ్ళు తొలగించినప్పుడు మా వీధిలో నాలుగు రోజులు నెట్ లేదు. ప్రాణాలు పోయాయి కాబట్టి తీసేయాల్సిందే, తప్పు పట్టను. మన తీగల్లో చాలా భాగం భూమిలో లేవు, కరెంటు స్తంభాలకు వేలాడుతున్నాయి. అది మరచిపోవద్దంటున్నాను.

స్వాతి_లెక్కల_టీచర్
ఆదివారం ఉదయం పని మొదలుపెట్టాను. గుట్టకు పడమటి పక్కన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి ఇల్లు ఉంది. మూడంతస్తులు, పైన నీళ్ళ ట్యాంకు. మాకు దూరపు పరిచయం. వెళ్ళి విషయం చెబితే ఆయనే ముందు మెట్లెక్కారు.

మా అక్క తన డాబా మీద నిలబడి స్టీలు పళ్ళెం ఎండకు పట్టుకుంది. నేను ట్యాంకు పక్కన నిలబడి ఫోనులో "ఎడమకు తిప్పు, ఇంకొంచెం, కిందికి" అంటున్నాను. ఐదు నిమిషాలకు కొబ్బరిచెట్ల మీదుగా నక్షత్రంలాగా ఒక మెరుపు! పక్కనే ఉన్న మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. తరువాత మా డాబా మీద మా ఆయన ఇంకో పళ్ళెం పట్టుకున్నారు. అదీ కనిపించింది, కానీ ఒక తాటిచెట్టు తలకు కాస్త పైనుంచి.

అక్కడి నుంచి అక్క ఇంటికి 1.1 కిలోమీటర్లు, మా ఇంటికి 1.5. కొంచెం మలుపు తిరుగుతుంది కాబట్టి మొత్తం 2.6.

మౌలాలి_మాధవ్
పళ్ళెం మెరిస్తే సగం పని అయినట్టే. అద్దం కంటే పళ్ళెమే మేలు, చేతిలో ఆడించడం తేలిక.

ఆ తాటిచెట్టు తలకు ఎంత పైనుంచి కనిపిస్తోంది?

స్వాతి_లెక్కల_టీచర్
తాకకుండా పైనుంచే. కనిపిస్తోంది కదా, చాలదా?

రేడియో_మావయ్య
చాలదమ్మా. కంటికి సన్నని గీత చాలు, రేడియో తరంగానికి గీత చుట్టూ కోలగా ఉబ్బిన ఖాళీ కావాలి, మధ్యలో లావుగా, చివర్లు సన్నగా. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. 1.5 కిలోమీటర్ల దారికి 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర సరిగ్గా మధ్యలో దాని వ్యాసార్ధం 4.4 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే 2.6 మీటర్లు ఖాళీగా ఉండాలి. లేకపోతే కంటికి కనిపిస్తూనే ఉంటుంది, లింకు మాత్రం గాలి వీచినప్పుడల్లా ఊగుతుంది. చెట్టు మీ ఇంటికి ఎంత దూరం?

స్వాతి_లెక్కల_టీచర్
మ్యాపులో కొలిచాను, మా ఇంటి నుంచి 500 మీటర్లు.

రేడియో_మావయ్య
మధ్యకు కాస్త ఇవతల. అక్కడ వ్యాసార్ధం 4.15, అరవై శాతం లెక్కన 2.5 మీటర్ల ఖాళీ కావాలి.

అత్తాపూర్_అరుణ్
చెట్టు తల నరికించేస్తే పోదా?

స్వాతి_లెక్కల_టీచర్
లేదండీ. ఆ చెట్టు ఒక గీత కార్మికుడిది, ఆయనకు అదే బతుకు. నా నెట్ కోసం దాని మట్ట కూడా ముట్టుకోను. మా వైపు స్తంభమే ఎత్తు చేసుకుంటాను.

న్యాయం_నాగమణి
మీరు స్తంభం పాతే ముందు ఒక మాట. బావగారి కనెక్షన్ ఆయన చిరునామాకు ఇచ్చింది. దాన్ని ఇంకో ఇంటికి పంపడానికి ఆ సంస్థ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కాలనీలో ఇంకెవరికైనా డబ్బు తీసుకుని ఇస్తే అది ఇంటర్నెట్ అమ్మకం అవుతుంది, లైసెన్సు లేకుండా చేయకూడదు.

నలభై ఇళ్ళకూ పంచాలని మనసులో ఉంటే సక్రమమైన దారి ఒకటుంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి. కిరాణా కొట్టు వాళ్ళయినా సరే, ప్రభుత్వం దగ్గర లైసెన్సు, నమోదు లేకుండానే పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి వైఫై పంచవచ్చు. ఖాతాలు, లెక్కలు చూసే అగ్రిగేటరు సంస్థ ఒకటి పైన ఉంటుంది.

స్వాతి_లెక్కల_టీచర్
ధన్యవాదాలు నాగమణి గారూ, ఇది అసలు ఆలోచించలేదు. సంస్థకు మెయిలు పెడుతున్నాను. ప్రస్తుతానికి మా ఒక్క ఇంటికే.

తీగే_నమ్మకం
వానాకాలం సంగతి? సంక్రాంతికి మాంజా దారాలు? మాస్టారి ఇంట్లో కరెంటు పోతే? మూడు ఇళ్ళలో ఎక్కడ కరెంటు పోయినా మీ నెట్ పోతుంది. నిరుత్సాహపరచడానికి అనడం లేదు, ఆ పిల్లలు మళ్ళీ "రేపు అడుగుతాం" అనకూడదనే.

టవరెక్కే_రాజు
మీరు అడిగినవన్నీ అడగాల్సినవే. 5 గిగాహెర్ట్జ్‌కు వాన లెక్కే కాదు, ఈ దూరంలో ఒక డెసిబెల్ కూడా తగ్గదు. వానకు భయపడాల్సింది 60 గిగాహెర్ట్జ్ వాళ్ళు. అక్కడ గాలిలోని ఆక్సిజనే కిలోమీటరుకు 15 డెసిబెల్స్ దాకా మింగుతుంది. మన దగ్గర వానకంటే మే నెల గాలిదుమారం ప్రమాదం, డిష్ మూతి రెండు డిగ్రీలు తిరిగినా లింకు పడుతుంది. బోల్టులు బిగించాక స్తంభానికీ బిగింపుకూ కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. కదిలితే గీత తప్పుతుంది, కింద నుంచే తెలిసిపోతుంది.

కరెంటు మాటకొస్తే, రిలే దగ్గర రెండు రేడియోలు, చిన్న స్విచ్ కలిసి 20 వాట్లు అనుకోండి. రోజుకు అర యూనిట్, నెలకు దాదాపు 15 యూనిట్లు. 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ పెడితే మూడు గంటలు లాగుతుంది. మీ క్లాసు రెండు గంటలే కదా. స్తంభానికి ఎర్తింగు మాత్రం మరవవద్దు. మాస్టారి ఇంటి మీద మెరుపు పడితే బ్యాటరీ ఆదుకోదు.

పాతబస్తీ_ఫరీద్
మాంజాకు నా దగ్గర మందు ఉంది. సంక్రాంతి మూడు రోజులూ ఆ డాబా మీద పతంగులు ఎగరేసే పిల్లలకే డిష్ కాపలా అప్పగించండి. మా ఇంటి మీద అలాగే చేస్తాం. చిక్కిన దారం వాళ్ళే విప్పుతారు, ఒక్కొక్కరికి రెండు నువ్వుల ఉండలు చాలు.

అత్తాపూర్_అరుణ్
కవిత గారూ, రిపీటరును మెట్ల మలుపులోకి దించాను. మూడో అంతస్తులో గీతలు రెండే కనిపిస్తున్నాయి, కానీ అమ్మ ఇప్పుడు సీరియల్ ఆగకుండా చూస్తోంది! దుకాణదారు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఏడాది తిట్లు తప్పేవి.

స్వాతి_లెక్కల_టీచర్
మూడు వారాల తరువాత రాస్తున్నాను, మన్నించాలి. ఇవిగో వివరాలన్నీ.

సంస్థ నుంచి జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. సొంత కుటుంబ వాడకానికి అభ్యంతరం లేదని, అమ్మకూడదని రాసి పంపారు. మాస్టారు అద్దె వద్దన్నారు. కరెంటుకు నెలకు రెండు వందలు బలవంతంగా ఒప్పించాను. బదులుగా ఆయన మనవరాలు మా క్లాసులో చేరింది.

తాటిచెట్టు దగ్గర ఎంత ఖాళీ ఉందో కొలవడం ఎలాగో నాకు వెంటనే తోచలేదు. మా డాబా నుంచి ఫోను జూమ్ చేసి తీసిన ఫోటో క్లాసులో పెట్టి పిల్లలను అడిగాను. ఫోటోలో తాటి తలకూ, రిలే డిష్ వచ్చే చోటుకూ మధ్య ఖాళీ సరిగ్గా మాస్టారి ట్యాంకు అంత ఉంది. ట్యాంకు ఎత్తు మీటరున్నర. సందేహం మధ్యలో వదిలేసిన ఆ పాపే అందుకుంది: "టీచర్, ట్యాంకు 1500 మీటర్ల దూరంలో ఉంది, చెట్టు 500లో ఉంది. రెండు త్రిభుజాలూ సరూపాలు. అంటే చెట్టు దగ్గర ఆ ఖాళీ మూడో వంతే, అర మీటరు!"

కావాల్సింది 2.5, ఉన్నది 0.5, ఇంకా 2 మీటర్లు పైకి పోవాలి. మా చివర స్తంభం ఎంత లేపితే చెట్టు దగ్గర గీత 2 మీటర్లు లేస్తుంది? ఇది ఇంకో అబ్బాయి చేశాడు. చెట్టు రిలే నుంచి వెయ్యి మీటర్లు, మేము రిలే నుంచి 1500. కాబట్టి 3 మీటర్లు. మూడు మీటర్ల జీఐ పైపు తెప్పించాం.

రాజు గారు చెప్పినట్టే నాలుగు రేడియోలు, వీపుకు వీపు. పైపులు, తీగ, బ్యాటరీ, కూలి అన్నీ కలిపి 26 వేలు అయింది.

రేడియో_మావయ్య
ఆ పాపకు నా తరఫున ఒక పెన్ను కొనివ్వమ్మా. అంకెలు చెప్పు, సిగ్నల్ ఎంత వచ్చింది? బయటికి వెళ్ళే శక్తి 36 డీబీఎం, అందుకునే డిష్ బలం 23 అనుకుంటే 1.5 కిలోమీటర్లకు మైనస్ 52 రావాలి, సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం.

స్వాతి_లెక్కల_టీచర్
మొదట మైనస్ 71 వచ్చింది మావయ్య గారూ. గుండె జారింది. బిగించిన అబ్బాయి డిష్‌ను అటూ ఇటూ వెంట్రుకవాసి తిప్పుతూ ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. మైనస్ 56 దగ్గర ఆపాం. అక్క వైపు లింకు మైనస్ 53. అక్క ఇంట్లో 200 వస్తే మా ఇంట్లో 110 దాకా వస్తోంది, ఆలస్యం 4 మిల్లీసెకన్లు పెరిగింది. క్లాసులో ఎవరికీ తేడా తెలియడం లేదు.

టవరెక్కే_రాజు
మైనస్ 71 ఉందంటే పక్క రేకు పట్టుకుని ఉంటారు. డిష్ నుంచి తరంగం ఒక్క ముద్దగా రాదు, అసలు పువ్వు పక్కన చిన్న చిన్న రేకులు కూడా ఉంటాయి. చిన్న రేకు దగ్గరే "ఇదే ఎక్కువ" అనుకుని బిగించేసేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ అబ్బాయి ఇరవై నిమిషాలు ఓపిక పట్టాడు చూడండి, అతని నంబరు దాచుకోండి.

తీగే_నమ్మకం
110 వస్తుందని నేను అనుకోలేదు. సంతోషం. ఫైబరు సంతకాలు మాత్రం ఆపకండి, నాకు తెలిసిన అర్జీ నమూనా ఒకటి పంపిస్తాను.

స్వాతి_లెక్కల_టీచర్
తప్పకుండా పంపండి. ముప్పై ఒక్క ఇళ్ళ సంతకాలు ఇప్పటికే అయ్యాయి.

ఒక కొత్త చిక్కు వచ్చింది. నిన్న మాస్టారు ఫోను చేశారు. ట్యాంకు మీద కోతులు కూర్చుని పై డిష్ తీగ కొరుకుతున్నాయట. ఇంకా తెగలేదు. ఏం చేయాలి?

మౌలాలి_మాధవ్
మా గుట్ట మీద రోజూ ఉండే బాధ. తీగ బయట కనిపించకూడదు. అర అంగుళం జీఐ పైపులో దూర్చి, డిష్ దగ్గర చివర వంచిన గొట్టం పెట్టండి, నీళ్ళూ దిగవు. ప్లాస్టిక్ పైపు వద్దు, అది వాటికి చెరుకుగడ.